ఎర్రపోతు బిడ్డలు

ఆ ఎండాకాలమంతా నేను స్వెట్టరు తొడుక్కునే గడిపాను. బయట బహ్రెయిన్ ఉడుకుతుంటే నేను పనిచేసే గదిలో చేతివేళ్ళు కొంకర్లు పోయేవి. మనామాలో ఒక పెద్ద సూపర్‌మార్కెట్టు. చేపల కౌంటరు దాటి లోపలికి పోతే ఒక అద్దం తలుపు ఉంటుంది. ముస్లిములు కానివారికి మాత్రమే అని దాని మీద రాసి ఉంటుంది. ఆ తలుపు వెనక పంది మాంసం అమ్ముతారు. దాన్ని కోయడం, తూచడం, ప్యాకెట్ల మీద చీటీలు అంటించడం నా డ్యూటీ.

నాలుగేళ్ళ కిందట ఆ గది తెరిచినప్పుడు మేనేజరు మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఈ పనికి ఎవరికి అభ్యంతరం లేదని అడిగాడు. అందరూ నేలచూపులు చూశారు. నేను చెయ్యెత్తాను. ఎరుకలోళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, పందుల మధ్య పెరిగినవాణ్ణి, నాకేం అభ్యంతరం? ఏ పని పేరు చెప్పి బడిలో నన్ను దూరంగా కూచోబెట్టారో, అదే పనికి ఇక్కడ ఏసీ గది ఇచ్చి తెల్లకోటు తొడిగారు. ఆ కోటు తొడుక్కున్నాక నాకు పందుల గురించి అంతా తెలుసనిపించింది. జరిగిన నష్టమంతా అక్కడే మొదలైంది.

మెట్‌పల్లి దగ్గర మా ఊళ్ళో, ఊరి బయట, మాకు ఒక పందుల షెడ్డు ఉంది. నా భార్య వినోద చూసుకుంటుంది. ఫంక్షన్ హాళ్ళలో మిగిలిన అన్నం ట్రాలీలో తెచ్చి, తౌడు కలిపి పెడుతుంది. ఆగస్టు ఆఖరుకు నా వీసా అయిపోతుంది. ఆలోగా ఆ షెడ్డు ఇంటిని పోషించే స్థితికి వస్తే నేను పదకొండేళ్ళ గల్ఫుకు దండం పెట్టి ఇంటికి పోతాను. రాకపోతే ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టాలి. నాకు ఒళ్ళు అలిసిపోయింది. సంతకం పెట్టకూడదని ఆ ఏడు శివరాత్రికే ఒట్టు పెట్టుకున్నాను.

మాది రెండు పూటల డ్యూటీ. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా, మళ్ళీ అయిదు నుంచి పది దాకా. మధ్యాహ్నం గుదైబియాలోని రూముకు వచ్చి ఇంత తిని వీడియో కాల్ చేసేవాణ్ణి. మాకు రెండున్నర అంటే అక్కడ అయిదు, పందులకు మేత వేసే వేళ.

మార్చి మొదటి వారంలో ఒకరోజు, నాలుగు ఆడపందులు ఎదకు వచ్చాయని వినోద చెప్పింది. అవి మా ఎర్రపోతు బిడ్డలు. రెండేళ్ళ కిందట సెలవు మీద పోయినప్పుడు ఆ పోతును నేనే ఏరి కొన్నాను. కండ పట్టిన తొడలు, సన్నటి నడుము, వీపు మీద వేలు పెడితే కొవ్వు తగలదు. మా అద్దం తలుపు వెనకాలకు వచ్చే దొరలూ, వాళ్ళ భార్యలూ అడిగేది అలాంటి మాంసమే. ప్యాకెట్టు తిప్పి తిప్పి చూసి, అంచున తెల్లగా వేలెడు కొవ్వు కనబడితే పక్కన పెట్టేస్తారు. లోకమంతా ఇటే పోతున్నది, రేపు మెట్‌పల్లికీ ఇదే వస్తుంది, మనం ముందే తయారుగా ఉండాలని నా ఆలోచన.

"ఎన్కకు తిప్పు. ఇంకా తిప్పు. తొడలు సూపియ్యి" అన్నాను.

వినోద ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో కట్టెతో పందిని అదిలించింది. "నువ్వు తొడలే సూస్తవ్. నేను చన్నులు జూస్తున్న. దీనికి పదే ఉన్నయ్. అండ్ల రెండు గుడ్డియి, పాలు రావు."

"చన్నులు ఎవలన్న తింటరానే?"

"పిల్లలు తాగుతయ్" అంది.

పక్క మంచం మీద లింబాద్రన్న కిసుక్కున నవ్వాడు. ఆర్మూరు ఆయన, కాంక్రీటు పని, అప్పట్లో రాత్రి డ్యూటీ. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను రోజూ తొడలు చూపించమని అడగడం వినీ వినీ, "ఏం తమ్మీ, ఇయ్యాల ఎవల తొడలు?" అని రూములో అందరి ముందూ నా పరువు తీసేవాడు. ఆరోజు ఆయన నవ్వుకు నాకు రోషం వచ్చింది.

"నాలుగిట్నీ ఉంచు. ఎర్రపోతుతోనే దాటియ్యి" అన్నాను.

"అది వీటి తండ్రి."

"పందులకు వావి వరసలేందే?"

వినోద కట్టె గోడకు ఆనించింది. "మా నాయిన బిడ్డలు ఎదకొచ్చే యాల్లకు పోతును ఊరు మార్చేటోడు. మంది పోతును మేం తెచ్చుకునేది, మా పోతును వాళ్ళకిచ్చేది. అది మా తాతల కాలం నుంచి ఉన్నది. తమ్మునోళ్ళ ఊళ్ళె తెల్ల పోతున్నది, నెల రోజులు అడుగుతా."

"మీ నాయిన పందుల్ని గల్లీలల్ల తిప్పిండు. ఆ ముచ్చట్లు ఇప్పుడు నడువయ్. మంచి రక్తాన్ని మంచి రక్తంతోనే కలుపాలె, అప్పుడే అది నిలుస్తది. నేను దినాం చూస్తున్న గదా ఇక్కడ!"

నేను దినాం చూస్తున్నది చచ్చిన పందిని. బతికున్న పందిని చూస్తున్నది ఆమె. ఆ మాట ఆమె అనలేదు. నాకు తట్టలేదు.

"ఇంకోటి" అన్నాను. "బొల్లిదాన్ని అమ్మెయ్."

బొల్లిది మా పాత పంది. సీమపందికీ మా నల్ల నాటుపందికీ పుట్టింది. ఒళ్ళంతా తెల్ల మచ్చలు, జారిన పొట్ట, వీపు మీద నాలుగు వేళ్ళ మందం కొవ్వు. చూడ్డానికి అసహ్యంగా ఉండేది. దానికి పద్నాలుగు చన్నులు. ఏ ఈతకూ పదికి తగ్గకుండా పెట్టేది, ఒక్క పిల్లనూ తొక్కేది కాదు. దాని కొవ్వు బిడ్డలకు రాకూడదని నా పంతం.

"తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్నరు పెద్దలు. దాన్ని అమ్ముతవా?" అంది వినోద. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. రోజంతా పేడ ఎత్తి, నీళ్ళు మోసి, ఆ వేళకు నా పెత్తనం వినాలి.

"అమ్మమన్నప్పుడు అమ్ము" అన్నాను.

వారం పోయాక అడిగితే, "అమ్మిన" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు. మంచిది, చివరికి మాట విన్నదనుకున్నాను.

పందికి కడుపు మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. అది మా వాళ్ళకు పసితనం నుంచీ నోటికి వచ్చే లెక్క. ఆ రోజులన్నీ నేను వేళ్ళ మీద ఎంచుకుంటూ గడిపాను. బహ్రెయిన్‌లో ఎండ ముదిరింది. జూన్‌లో మధ్యాహ్నం పూట ఆరుబయట పని నిషేధం మొదలైంది. లింబాద్రన్న వాళ్ళ కంపెనీ తెల్లవారుజామున నాలుగింటికే బస్సు పంపి, పన్నెండుకు మళ్ళీ రూముకు తెచ్చి పడేసేది. ఆయన ఉప్పు తేలిన చొక్కా విప్పి గోడకు కొట్టి, కొంచెం ఒరిగి, "పోతవా తమ్మీ, నిజంగ పోతవా ఈసారి?" అని అడిగేవాడు. "పోత అన్నా, నాలుగు పందులు ఈనంగనే పోత" అనేవాణ్ణి. ఆయన పైకప్పు చూస్తూ, "నాగ్గూడ నాలుగు పందులుంటే మంచిగుండు" అనేవాడు. ఆ మాటలో వెటకారం లేదు.

జూన్ ఆఖరున నాలుగూ మూడు రోజుల తేడాలో ఈనాయి.

ఆ మధ్యాహ్నం కాల్ ఎత్తగానే వినోద మొహం చూసి నాకు విషయం అర్థమైంది. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు, కొప్పులో గడ్డిపోచలు ఉన్నాయి. ఫోను కిందికి దించి చూపించింది. మొదటిదానికి అయిదు పిల్లలు. రెండోదానికి ఆరు, అందులో రెండు చచ్చి పుట్టాయి. మూడోదానికి నాలుగే. నాలుగోది ఏడు పెట్టింది కానీ ఎండకు రొప్పుతూ, పాలు చేపకుండా పక్క మార్చుకుంటూ తన పిల్లలనే రెండిటిని నలిపేసింది. నేను మెచ్చిన ఆ సన్నటి నడుములో, ఆ కండలో, బిడ్డకు పెట్టడానికి దాచుకున్నది ఏమీ లేదు.

"ఇది జూడు" అని వినోద ఒక పిల్లను అరచేతిలో పెట్టి తిప్పి చూపించింది. ఎర్రగా, మెత్తగా ఉంది. పొట్ట ఉబ్బింది.

"ఏమైంది దానికి?"

"ఎన్క దారి లేదు. పుట్టుకతోటే లేదు. గిసొంటియి మూడున్నయ్. తాగుతున్నయ్, పొట్ట ఉబ్బుతున్నది. ఎల్లుండికి పోతయ్."

"డాక్టర్ను పిలువు."

"పిలిచిన. కోసి దారి పెట్టినా బతుకుడు కష్టమే అన్నడు. పోతు ఏదని అడిగిండు. జెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమనలె. నా దిక్కు జూసి పోయిండు."

ఆ చూపు నాకు తగలాల్సింది. తప్పు నాది. నిలబడి చూపు మోసింది ఆమె. ఆ ముక్క అప్పుడే అని ఉంటే సగం బరువు దిగేది. నేను మాత్రం ఎండ మీద పెట్టాను, ఫంక్షన్ హాళ్ళ అన్నం మీద పెట్టాను, "నీళ్ళు సరిగ్గ సల్లుతున్నవా?" అని అడిగాను. ఆమె తలూపి, పిల్లను మెల్లగా తల్లి పక్కన పెట్టి, ఫోను కట్టేసింది.

జూలైలో ఇంకో దెబ్బ తగిలింది. ఎర్రపోతుకు నిరుడు పుట్టిన మగవాటిని విత్తులు తీసి మాంసానికి పెంచాం. వాటిలో మొదటిదాన్ని ఆదివారం కల్లు కాంపౌండు దగ్గర కోయించారు. ఆరోజు కోసం నేను ఏడాది నుంచి ఎదురుచూశాను. మధ్యాహ్నం ఫోను చేసి, "ఎట్లున్నది, మంది ఏమన్నరు?" అని ఆత్రంగా అడిగాను.

"సగం మిగిలింది" అంది వినోద.

"ఎందుకు?"

"కొవ్వేది అంటున్నరు. కొవ్వు లేని కూర గడ్డి లెక్కనున్నదంటున్నరు. కల్లులకు నంజుకుంటే దవడలు నొస్తున్నయట. ముసలోళ్ళు మోకాళ్ళకు రాసుకోను పందినెయ్యి అడిగిన్రు, దీన్ల బొట్టు రాలే. బొల్లిదాని పిల్లలెక్కడ వొయినయ్ అని అడిగిన్రు."

"వాళ్ళకేం తెలుసు! ఇక్కడ దొరలు..."

"ఇక్కడ తినేటోళ్ళు నీ దొరలా?" అంది. మొదటిసారి గొంతు పెంచింది. వెంటనే తగ్గించుకుంది. "పొద్దటిసంది నిలవడ్డ. కాళ్ళు గుంజుతున్నయ్. రేపు మాట్లాడుదం."

లింబాద్రన్న అంతా విన్నాడు. ఎప్పుడూ వేసే ఎకసక్కెం ఆరోజు వెయ్యలేదు. లేచి టీ పెట్టి నా మంచం పక్కన ఒక గ్లాసు ఉంచాడు. ఆయన జాలి ఆయన ఎకసక్కెం కంటే ఎక్కువ గుచ్చుకుంది.

నాతో పాటు ఆ చల్లటి గదిలో ఆర్నెల్ అని ఒక ఫిలిప్పీన్స్ మనిషి పనిచేసేవాడు. యాభై ఏళ్ళు ఉంటాయి. వాళ్ళ దేశంలో ఏదో పెద్ద పందుల ఫారంలో చాలాకాలం పనిచేశాడు. పందులకు జ్వరం వచ్చి ఫారం మూతబడితే ఇటు వచ్చాడు. తన వచ్చీరాని హిందీ, నా వచ్చీరాని ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్ళం. అతనికి పని వచ్చని తెలిసీ నా షెడ్డు గురించి ఎన్నడూ సలహా అడగలేదు. నాలుగేళ్ళుగా గొప్పలు మాత్రం చెప్పాను.

మరుసటి రోజు మాంసం కోస్తూ, మనసు పట్టలేక, ఈతలు పాడైన సంగతి చెప్పాను. ఎండల వల్ల అన్నాను.

"ఎండలు తల్లికి కష్టమే" అన్నాడు ఆర్నెల్. "ఏ జాతి తల్లులు?"

"మా ఎర్రపోతు బిడ్డలు."

"ఎర్రపోతు అంటే నువ్వు ఫోటో చూపించిందా? కండ పోతు?"

"ఆ."

"దాని బిడ్డలను తల్లులుగా ఉంచుకున్నావా?" అతను నవ్వబోయాడు. నా మొహం చూసి మానుకున్నాడు. "సరే. వాటికి పోతు ఏది?"

"అదే."

"ఏది?"

"అదే. ఎర్రపోతు."

ఆర్నెల్ కత్తి బల్ల మీద పెట్టాడు. చేతులు ఆప్రాన్‌కు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా, చిన్న పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. వాళ్ళ ఫారంలో తల్లుల వరస వేరు, మాంసం పోతుల వరస వేరు. తల్లులను పాలు చూసి, ఓపిక చూసి, పిల్లల లెక్క చూసి తరాల తరబడి ఏరుకుంటూ వస్తారు. పోతులను కండ చూసి, ఎంత మేతకు ఎంత పెరిగిందో చూసి ఏరుతారు. రెండిటినీ చివరికి ఒక్కసారే కలుపుతారు. ఆ పుట్టినవి అన్నిటికంటే బాగా పెరుగుతాయి, చూడముచ్చటగా ఉంటాయి. వాటిని మాత్రం ఉంచుకోరు. అన్నీ కోతకు బండెక్కాల్సిందే.

"ఎంత అందంగా ఉన్నా?" అన్నాను.

"అందంగా ఉన్నవాటి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. ఒకసారి నేనూ ఒకదాన్ని దాచాను. ఉద్యోగం పోయినంత పనైంది" అన్నాడు. "తండ్రిని బిడ్డలతో కలపడమైతే, ఊళ్ళో పెరట్లో రెండు పందులు పెంచే ముసలమ్మ కూడా చెయ్యదు దేవేందర్. నీకు ఎవరూ చెప్పలేదా?"

చెప్పారు. మార్చిలోనే చెప్పారు. బడి గడప తొక్కని మా మామ చేసింది కూడా ఇదే, పోతును ఊరు మార్చడం. ఆ మాట చెప్పిన మనిషిని నేను కసిరాను. అద్దం తలుపు తోసుకుని ఒక దొరసాని వచ్చి, కొవ్వు లేకుండా అరకిలో కావాలని అడిగింది. అంచున ఉన్న తెల్లటి పొర కోసి పారేసి ఆమెకు తూచి ఇచ్చాను.

ఆగస్టు మొదటి వారంలో మేనేజరు పిలిచి, ఉంటావా పోతావా, పదిహేనో తారీకులోగా చెప్పమన్నాడు. ఆ మధ్యాహ్నం వినోదకు ఫోను చేసి, చెప్పదలచుకున్నది ముందే చెప్పేశాను. ఆగితే చెప్పలేనని తెలుసు.

"వినోదా, తప్పయింది. నాదే తప్పు. నువ్వు జెప్పినట్టు ఇంటే మంచిగుండు. ఎర్రయన్నిట్నీ కోతకు పెట్టెయ్, పోతుతో సహా. బొల్లిదాని లాంటిది యాడన్న దొరుకుతదేమో అడుగు. దొరకదు. తెలుసు నాకు."

ఆమె "రేపు ఇదే యాల్లకు చెయ్యి" అంది.

మర్నాడు వినోద మా షెడ్డులో లేదు. వెనక కనబడుతున్నది తాటాకుల పాక, ముళ్ళకంప దడి. వాళ్ళ తమ్ముడు రాజనర్సు వాళ్ళ ఊరు. ఫోను తిప్పింది. పాక నీడలో, తడి మట్టిలో, బొల్లిది పక్కకు ఒరిగి పడుకుని ఉంది. దాని పొట్ట పొడుగునా పిల్లలు. తెల్లవి, మచ్చలవి, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ తాగుతున్నాయి. లెక్కపెట్టాను. పదకొండు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాను.

"అమ్మలె" అంది వినోద. "అమ్మిన అని అబద్ధమాడిన. ఈడికి తోలి, ఈ ఊరి తెల్ల పోతుతోని దాటిచ్చిన. తిడ్తె తిట్టు."

తిట్టడానికి నాకు నోరెక్కడిది? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లింబాద్రన్న చూస్తాడని గోడవైపు తిరిగాను. "పదకొండూ బతికినయా?" అన్నాను.

"పన్నెండు పెట్టింది. ఒకటి పోయింది. ఇవి మూడు వారాలయి."

"అయితే ఇగ ఏమున్నది! నెలాఖరుకు వస్తున్న. ఇగ పక్కా. షెడ్డు మల్ల మొదలువెడుదం." సంతోషం పట్టలేకపోయాను. "ఫోను దగ్గరికి పెట్టు. ఆ చివర్న, ఆ పొడుగుది, ఆడదేనా? దాన్ని ఉంచు. దాని పక్కది, తెల్లది, దాని ఎన్కభాగం మంచిగున్నది, కొద్దిగ తిప్పి సూపియ్యి. ఆ కురుసది వద్దు, అది అమ్మెయ్. నేనొచ్చేదాక ఏ ఒక్కటి..."

పిల్లలు కనబడడం మానేశాయి. ఆమె చెయ్యి కిందికి దిగిపోయింది. తెర మీద మట్టి, ఆమె కాలి మెట్టె, అంతే. బొల్లిది పాలిస్తూ గుర్రు గుర్రుమంటున్న చప్పుడు మాత్రం వినబడుతున్నది.

"వినోదా?"

"ఇంటున్న" అంది. ఫోను పైకి ఎత్తలేదు. "ఒక్క మాట జెప్త. కోపానికి రాకు. నువ్వు ఇంటికొస్తే నాకు సంబురమే. మన పోరగాండ్లకు సంబురమే. గని నాకు భయమైతున్నది."

"దేనికి?"

"నువ్వొచ్చినంక ఇవి నీయి అయితయ్. నువ్వు జెప్పుడు, నేను జేసుడు. ఇప్పుడింత తప్పయింది అంటివి. నోట్లె మాట నోట్లె ఉండంగనే మల్ల ఏరుడు వెట్టినవ్."

ఫోను చెవికి ఆనించుకున్నాను.

"దూరమున్నవు కాబట్టి బొల్లిదాన్ని దాయగలిగిన. ఇంట్లుంటే ఎక్కడ దాద్దును?" అంది. "నన్ను జేసుకోనియ్యి. వీట్లకెల్లి ఏ బిడ్డల్ని ఉంచాల్నో నేను ఏరుకుంట. రెండేండ్లల్ల నిలవెడ్త. అటెన్క రా."

"నన్ను రావద్దంటున్నవా?"

"పందుల కాడికి రావద్దంటున్న."

"పందులు తప్ప నాకేం పని వస్తదే?"

"మేత యాల్లయితున్నది, మా ఊరికి పోవాలె" అంది. ఫోను కట్టేసింది.

రెండు రోజులు నేను ఫోను చెయ్యలేదు. మొదటిరోజు కోపంతో ఉడికిపోయాను. టికెట్టు తీసుకుని చెప్పకుండా పోయి వాకిట్లో దిగాలనుకున్నాను. నా ఇల్లు, నా షెడ్డు, పదకొండేళ్ళ నా చెమట. రెండోరోజు చల్లటి గదిలో నిలబడి మాంసం కోస్తూ నిజం ఒప్పుకున్నాను. దిగిన వారానికి ఆ పొడుగు పిల్లను నేనే ఉంచుతాను. నెలకు ఆ కురుసదాన్ని అమ్మిస్తాను. ఏడాదికి ఇంకో పోతు తొడలు చూసి మురిసిపోతాను. ఆమె వద్దంటుంది, నేను కసురుతాను. నా గుణం నాకు తెలియనిదా? అది ఒప్పుకోవడానికి ఎర్ర పిల్లలు అన్ని చావాల్సి వచ్చింది.

పద్నాలుగో తారీకున మేనేజరు గదిలోకి పోయి రెండేళ్ళకు సంతకం పెట్టాను. ఆయన సంతోషించి చెయ్యి కలిపాడు. బయటికి వచ్చి, "సంతకం పెట్టిన" అని వినోదకు వాయిస్ మెసేజ్ పంపాను. ఆమె విన్నట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

లింబాద్రన్నకు నేను చెప్పలేదు. నేను సామాన్ సర్దుకోవడం లేదని ఆయనే కనిపెట్టాడు. "పోతనంటివి గద తమ్మీ" అని ఒక్కసారి అన్నాడు. నేను దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. మళ్ళీ అడగలేదు.

శుక్రవారం రాజనర్సు ఫోను చేశాడు. ఆ పిలగాడు నాకు ఎప్పుడో గానీ చెయ్యడు. గొంతులో నా మీద ఎక్కడలేని జాలి.

"బావా, కంపెనోళ్ళు నిన్ను ఇడుస్తలేరట గదా? అక్క అందరికీ అదే జెప్పుకుంట ఏడ్సింది. మీ వాడకట్టు మొత్తం అదే ముచ్చట. అంత గోస వెడ్తున్నరా బావా? పాస్‌పోర్టు గుంజుకున్నరా?"

నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆమెకు నేను పంపింది రెండే మాటలు. వాడకట్టులో పదిమంది ముందు నా తల దిగకూడదని ఆమె ఆ అబద్ధాన్ని తనే అల్లి, దాని కోసం తనే ఏడ్చింది. ఏడుపు మాత్రం అబద్ధం కాదు. అది నాకు తెలుసు.

"బావా, ఉన్నవా?"

"ఉన్న రాజనర్సూ" అన్నాను. "పాస్‌పోర్టు నా దగ్గర్నే ఉన్నది, మీ అక్కను రంది పెట్టుకోవద్దను. ఈ పని తెలిసినోడు ఇంకోడు దొరుకుతలేడంట. అందుకే ఇడుస్తలేరు."